పిక్క తొక్కలో పావెకరం

టెక్కలి దాటి జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే మొదట గ్రానైటు దిమ్మలు కనిపిస్తాయి. ఆ తర్వాత పలాస. ఊరు కన్నా ముందు వాసన పలకరిస్తుంది... వేగుతున్న జీడిపిక్కల వాసన! పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల జీడిపప్పు దేశమంతా వెళ్తుంది. తొక్కలు మాత్రం ఇక్కడే గుట్టలుగా మిగిలిపోతాయి.

అక్కణ్నుంచి సముద్రం వైపు తిరిగితే ఉద్దానం. ఉద్యానవనమే వాడుకలో ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస... 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలకూలిస్తే, రైతులు మళ్లీ మొక్కలు నాటుకున్నారు.

కిడ్నీ జబ్బు అలా ఒక రాత్రిలో వచ్చి పోయేది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ మండలానికెళ్లినా డయాలసిస్ మాట తెలియని వీధి ఉండదు. షుగరూ బీపీ లేనివాళ్లకూ ఎందుకొస్తోంది? భారలోహాలు, సిలికా, పురుగుమందులు, మండుటెండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... అనుమానితులు చాలామందే. నేరం మాత్రం ఏ ఒక్కరిమీదా రుజువు కాలేదు. అందుకే ఇక్కడ చెంబుడు బోరునీళ్లు తాగాలన్నా గుబులే.

సీసం, కాడ్మియం కంటికి కనిపించవు. నీళ్లు కాచినా పోవు. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు మించకూడదు. అంత సూక్ష్మమైన దాన్ని పట్టే ఉపాయాల్లో ఒకటి అధిశోషణం. పేరు చూసి భయపడక్కర్లేదు. బెల్లం అచ్చుకు చీమలు పట్టినట్టు, ఒక పదార్థం ఉపరితలానికి లోహాలు అంటుకుపోవడమే. అంటుకునే చోటు ఎంత ఎక్కువుంటే అంత లాభం. గాలి తగలకుండా కాల్చి, ఆవిరితోనో రసాయనాలతోనో శుద్ధిచేసిన బొగ్గు నిండా కంటికానని రంధ్రాలే. ఒక్క గ్రాములోని ఆ గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో పాతిక సెంట్లు!

ఈ బొగ్గుకు పేరుమోసిన ముడిసరుకు కొబ్బరి చిప్ప. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల విషవాయు ముసుగుల్లోనూ వాడారు. జీడిపిక్క తొక్కా తక్కువదేం కాదు. రాగి, నికెల్, కాడ్మియంలను అది పట్టుకోగలదని తమిళనాడు పరిశోధకులు ప్రయోగశాలలో చూపించారు. కొబ్బరీ జీడీ రెండూ ఉద్దానం పంటలే కావడం విశేషం.

అలాగని తొక్కలు తెచ్చి కుండలో వేసుకుంటే కుదరదు. అందులోని జీడినూనె చర్మాన్నే పొక్కిస్తుంది, ఇక నీళ్ల సంగతి చెప్పాలా! పొయ్యి బొగ్గూ పనికిరాదు. ముందు ఏ బోరులో ఏ లోహం ఎంతుందో పరీక్షించాలి. ఉప్పునూ సిలికానూ ఈ బొగ్గు పెద్దగా పట్టదు. పైగా కొన్నాళ్లకు నిండిపోతుంది, మార్చి తీరాలి. తీసేసిన బొగ్గేమో లోహాల మూట. దాన్ని బావిపక్కన పారబోస్తే కథ మళ్లీ మొదటికే.

బోరునీళ్ల జోలికే పోకుండా ఉండే మార్గం ఇంకొకటుంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఏ ఊళ్లో చూసినా ఇప్పుడు ఆడవాళ్లు ముందు అడిగేది ఒకటే... ‘కుళాయి ఇవాళ వస్తదా?’

పలాసలో తొక్కల లారీలు బయల్దేరుతున్నాయి. కొన్ని నూనె తీయడానికి, మిగతావి బాయిలర్ల పొయ్యిలోకి.