లష్కరు

రైలు టిక్కెట్ల మీద, బస్సుల నుదుటి పలకల మీద సికింద్రాబాదు అని వ్రాసి ఉన్నా, జంటనగరాల పాత కాపుల నోట వినవచ్చే పేరు లష్కరు. లష్కర్ అనగా పారసీకంలో సైన్యం. తెలుగులో మనం దండు అంటాము. ఉర్దూ అనే మాటకు సైతం తురుష్క భాషలో మూలార్థం దండు విడిసిన చోటు అనే. కనుక ఒక భాషా ఒక నగరమూ దాదాపు ఒకే అర్థం గల పేర్లు ధరించి మన మధ్య మెలగుతున్నవి. రెండింటి పుట్టుకకూ సిపాయిలే కారకులు కావచ్చును గాని, పెంచి పెద్ద చేసినవారు వేరు. వారిని గురించి మన సంచిక పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలని మేము సంకల్పించాము.

1798లో రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ ఆంగ్లేయులతో సైన్య సహకార సంధి చేసుకొన్నాడు. ఆ సంధిని అనుసరించి కంపెనీ సేనలు హైదరాబాదుకు ఉత్తరాన, హుస్సేన్ సాగరం ఆవలి గట్టున, అల్వాల్ పరిసరాల మైదానాలలో డేరాలు వేశాయి. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఆ విడిదికి సికింద్రాబాదు అనే నామకరణం జరిగింది. తరగతిలో ఈ నగరాన్ని ఎవరు కట్టించారని అడిగితే విద్యార్థులు తడుముకోకుండా సికందర్ జా అంటారు. పేరు ఆయనదే, ఖర్చు మాత్రం ఎవరిదో విచారించవలసి ఉన్నది. ఆ సేన పోషణభారం నిజాముది. ఆ భారానికి బదులుగా 1800లో ఆయన బళ్లారి, అనంతపురం, కడప మొదలైన సీమలను కంపెనీకి ధారపోశాడు. దత్త మండలాలు అని చిరకాలం పిలువబడినవి అవే. 1928లో నంద్యాల సభలో వానికి రాయలసీమ అనే గౌరవనామం లభించింది. కాబట్టి సీమ నుండి వచ్చి మన కళాశాలలో చదువుకొంటున్న విద్యార్థులు లష్కరు తమకు పరాయి ఊరని అనుకోరాదు. ఆ దండు కూటికి వారి పూర్వుల పొలాల శిస్తు చెల్లింది.

దండు ఒంటరిగా నడవదు. వంటవారు, నీళ్లు మోసేవారు, దర్జీలు, చాకళ్లు, బండ్లు తోలేవారు, డోలీలు మోసేవారు దాని వెంట వస్తారు. మద్రాసు సేనల వెంబడి అరవవారు, కోస్తా తెలుగువారు వచ్చారు. వర్తకానికి పారసీలు, మార్వాడీలు వచ్చారు. సిపాయిలు బదిలీపై వెళ్లిపోగా మిగిలిపోయినవారు వీరే. అట్టివారిలో ఒకడు సురిటి అప్పయ్య. సైన్యంలో డోలీ మోసేవాడు. 1813 ప్రాంతంలో ఇక్కడ కలరా చెలరేగినప్పుడు అతడు పటాలంతో ఉజ్జయినిలో ఉన్నాడనీ, తన ఊరివారు బ్రతికితే గుడి కట్టిస్తానని అక్కడి మహాకాళికి మ్రొక్కుకొన్నాడనీ, 1815లో తిరిగి వచ్చి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం. ఏటా ఆషాఢంలో లక్షల జనం తరలివచ్చే ఉజ్జయినీ మహంకాళి జాతరకు మూలం ఒక కూలివాని మ్రొక్కు. ఆ ఉత్సవానికి లోకం పెట్టిన పేరు లష్కరు బోనాలు. ఉర్దూ గోష్ఠులలో సైతం అరుదైపోయిన లష్కర్ అనే మాటను నేడు నిలుపుతున్నవారు అమ్మవారికి బోనమెత్తే తెలంగాణ స్త్రీలు. భాషలకు మతాలను అంటగట్టేవారు ఈ సంగతి గమనిస్తే బాగుంటుంది.

తక్కిన ఆరాధనా స్థలాలను త్వరగా చూచి పోదాము. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. పారసీల అగ్నిదేవాలయం 1847 నాటిది. సెయింట్ మేరీస్ చర్చి 1850 నాటిది. బేగంపేటలో పైగా వంశీయుడు ఇఖ్బాలుద్దౌలా తలపెట్టిన మసీదు 1906 నాటికి పూర్తయింది. స్పెయిన్ దేశపు కార్డోవా మసీదును తలపింపజేసే దీని బురుజుల కొసలను చూచి చర్చి అని పొరబడే బాటసారులు నేటికీ ఉన్నారు.

పాఠశాలల విషయం ఇంత త్వరగా చెప్పి ముగించగలది కాదు. 1862లో సోమసుందరం మొదలియారు అనే దాత ఇక్కడ ఒక ఆంగ్లో వర్నాక్యులర్ పాఠశాల నెలకొల్పాడు. ఇంగ్లీషుతోపాటు దేశభాషలను నేర్పాలనే ఉద్దేశం ఆ పేరులోనే ఉన్నది. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరిట అది మహబూబ్ కళాశాల అయినది. 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానంద ఈ విద్యాలయంలోనే తన పాశ్చాత్య దేశ యాత్రా సంకల్పాన్ని గురించి ఆంగ్లంలో ఉపన్యసించాడు. ఆ సెప్టెంబరులోనే చికాగో సభ. అరవ దాత స్థాపించి, ముస్లిం ప్రభువు పేరు ధరించి, వంగదేశపు సన్న్యాసికి వేదిక ఇచ్చిన ఆ బడిని మించిన పాఠ్యగ్రంథం మాకు తెలియదు. బాలికల కొరకు 1871లో సెయింట్ ఆన్స్ పాఠశాల వెలసింది. 1905లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం స్థాపితమైనది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టి అప్పటికి నాలుగేండ్లే. పాలకుల భాష ఒకటి, పటాలపు భాష మరొకటి అయిన చోట తెలుగువారు తమ పుస్తకాలకు ఒక గది సంపాదించుకొన్నారు. మైనారిటీ భాషలో చదువుకొనే మన విద్యార్థులకు ఆ గది విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఉద్యానం నడుమ నిలిచిన గడియార స్తంభం 1897లో ఆరంభమైనది. ఎత్తు 120 అడుగులు. గడియారాన్ని బహూకరించినవాడు సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. 1874లో వాడి నుండి నిజాం రైలుమార్గం వచ్చినప్పుడు రైల్వే స్టేషను ఏర్పడింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడగా దానికి సికింద్రాబాదే కేంద్రమైనది. ఆ స్టేషను పాత ముఖద్వారాన్ని 2025లో పునర్నిర్మాణం కొరకు కూల్చివేశారు. రద్దీ పెరిగినది, వసతులు కావలసినవి, కాదనము. అయినను తరతరాల బాటసారులు తలయెత్తి చూచిన తోరణాలను ఎక్కడో ఒక ప్రక్కన నిలుపుకొనరాదా అని మా వంటివారికి తోచక మానదు. వీధుల పేర్లు మారినవి: జేమ్సు వీధి మహాత్మాగాంధీ మార్గమైనది, కింగ్స్‌వే రాష్ట్రపతి మార్గమైనది. పేరు మారినా వీధి మిగులుతుంది కనుక దానికి మాకు విచారం లేదు. 1960లో సికింద్రాబాదు పురపాలన హైదరాబాదుతో కలిసిపోయి ఒకే నగరపాలక సంస్థ ఏర్పడింది. నాటి నుండి జంటలో రెండవ పేరు వెనుకబడినదని లష్కరువాసుల ఫిర్యాదు. అది నిరాధారం కాదు.

ఉద్యానాలలో సాగర తీరాన గల సంజీవయ్య పార్కు ముఖ్యమైనది. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియై, ఆ పదవిని అధిష్ఠించిన తొలి దళితుడైన దామోదరం సంజీవయ్య సమాధి ఆ సమీపాననే ఉన్నది. ఇక బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 1860 నాటి భవనం. చుట్టూ సుమారు 90 ఎకరాల తోట. పూర్వం ఏడాదిలో కొద్ది దినాలు మాత్రమే జనానికి ప్రవేశం ఉండేది. 2023 మార్చి నుండి రాష్ట్రపతి విడిది దినాలు తప్ప మిగతా కాలమంతా చూడనిస్తున్నారు.

బేగంపేటలో పాత విమానాశ్రయం సమీపాన ఒక చిన్న భవనం కలదు. గడియార స్తంభం ఆరంభమైన 1897లోనే, ఆగస్టు 20న, సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ అక్కడ ఒక దోమ జీర్ణకోశంలో మలేరియా సూక్ష్మజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. ఆ దోమ త్రాగిన రక్తం హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిది. తనను కుట్టనిచ్చినందుకు దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. లోకంలో కోట్ల ప్రాణాలకు మేలు చేసిన ఆ పరిశోధనలో హుస్సేన్ ఖాన్ వాటా కొన్ని అణాలు. రాస్ వ్రాసి ఉంచినందున అతని పేరైనా మనకు దక్కినది. అప్పయ్య, హుస్సేన్ ఖాన్ వంటివారిని తీసివేస్తే లష్కరులో మిగిలేవి కవాతు మైదానాలే.

నేడు ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధీనంలో రాస్ పేరిట సంస్థగా ఉన్నది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. వచ్చే ఆగస్టులో ఆ దినాన విద్యార్థులను అచ్చటికి తీసుకొనిపోవలసినదిగా జంతుశాస్త్ర శాఖవారిని మేము కోరుతున్నాము. చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖలవారము కూడా వెంట వస్తాము. బస్సు ఖర్చు సంగతి కళాశాల కమిటీ పెద్దలు ఆలోచించవలసినది.