కాలువలో దొరికిన వాక్యం



మా సంఘం నాచారం, ఉప్పల్ మధ్యనున్న ఒక బస్తీలో ఉంది. నేను అందులో చాలా ఏళ్లుగా సంఘ పెద్దగా ఉన్నాను. ఈ నాలుగు మాటలు నన్ను నేను హెచ్చించుకోవడానికి కాదు, నా తప్పు ఒప్పుకోవడానికి రాస్తున్నాను.

2019లో క్రిస్మస్ ఏర్పాట్ల కోసం కమిటీ కూర్చున్నప్పుడు యౌవనస్థుల తరఫున వచ్చిన ఒక కాలేజీ విద్యార్థి లేచి, "అంకుల్, ఈసారి ప్రేమవిందుకు థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు వద్దు. కేకులు కూడా ప్లాస్టిక్ కవర్లలో పంచవద్దు" అన్నాడు. అంతటితో ఆగక, భూమి వేడెక్కుతున్నదనీ, ఎండలూ వానలూ హద్దు మీరుతున్నాయనీ, సంఘం కూడా ఈ సంగతి ఆలోచించాలనీ చెప్పాడు.

నాకు కోపం వచ్చింది. "బాబూ, జలప్రళయం తరువాత దేవుడు ఏమన్నాడో ఆదికాండము 8వ అధ్యాయంలో చదవలేదా? ఎండాకాలం, చలికాలం ఆగవు. మోటారుబండ్లు ఎక్కడున్నాయని 1908లో మూసీకి వరద వచ్చి వేలమంది చనిపోయారు? అయినా ఈ భూమి చివరకు అగ్నిపాలు కావలసిందేగా! మన ప్లేట్ల వల్లే లోకం మునిగిపోతుందా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ అబ్బాయి తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ క్రిస్మస్‌కు ఎప్పటిలాగే విందు జరిగింది. బస్తీలో ఇంటింటికీ కేకులు పంచాము. కవర్ల మీద మా సంఘం పేరు, దాని కింద ఒక బైబిలు వాక్యం అచ్చు వేయించాము. ఈ విధంగానైనా వాక్యం ప్రతి గడపకూ చేరుతుందని సంతోషించాము.

2020 అక్టోబరు 13న పట్టిన వాన మా ప్రాంతం వారెవరూ మరచిపోలేరు. మాకు తూర్పున ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో సుమారు 32 సెంటీమీటర్లు కురిసింది. మా చర్చికి దిగువనున్న గల్లీలో రాత్రికి రాత్రి ఇళ్లలోకి మురుగునీళ్లు వచ్చాయి. మరునాడు కుర్రవాళ్లతో కలిసి కాలువ తీయడానికి వెళ్లాను. చర్చి గోడ పక్కనున్న తూములో ఏదో అడ్డుపడి నీళ్లు కదలడం లేదు. గడ్డపారతో లాగితే థర్మకోల్ ముక్కలు, గ్లాసులు, వాటికి చుట్టుకుని మా కేకు కవర్లు బయటపడ్డాయి. కరోనా వల్ల ఆ సంవత్సరం మార్చి నుంచి మేము విందే పెట్టలేదు. అంటే అవి పది నెలల నాటి క్రిస్మస్‌వి! బురద తుడిచి చూస్తే వాక్యం అక్షరం కూడా చెదరలేదు.

ఆ గల్లీలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ గడపలో నిలబడి చూస్తున్నది. ఆమె రేషను బియ్యం తడిసిపోయాయి. ఆమెకు బ్రతుకుదెరువైన కుట్టుమిషను నీళ్లలో ఉంది. ఆమె నన్ను తిట్టలేదు. నా చేతిలోని కవరు చూసి, "ఇవి మీ చర్చీయే గద బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ క్రిస్మస్‌కు ఆమె చేతిలో కేకు పెట్టింది నేనే. నా నోట మాట రాలేదు.

నిజం నిజంగా చెప్పుకోవాలి. ఆ వాన మా ప్లేట్ల వల్ల రాలేదు. కానీ వచ్చిన నీళ్లు అవ్వ ఇంట్లో నిలవడంలో మా పాలు ఉంది. లోకమంతటి సంగతిని ఎగతాళి చేస్తూ నేను నా గోడ పక్క సంగతిని కూడా చూడలేకపోయాను.

ఆ వారమే ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. "అయ్యో, అదేంటంకుల్" అని కూర్చోబెట్టి, ఓపికగా వివరించాడు. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని బయటికి పోనివ్వక దుప్పటిలాగా ఆపుతుంది. 1958లో హవాయి దీవుల్లోని మౌనలోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు ఇది సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. అందుచేత కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. మనుషుల పనుల వల్లనే భూమి వేడెక్కిందనడంలో సందేహం లేదని 2021లో ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం తేల్చి చెప్పింది. భూమిని గురించి పరిశోధించే, 1961లో స్థాపించిన ఎన్.జి.ఆర్.ఐ. మా ఉప్పల్ రోడ్డులోనే ఉంది. దాని గేటు ముందు నుంచి ఎన్ని ఏళ్లు పనికి వెళ్లానో! ఒక్కనాడూ ఆలోచించలేదు.

తరువాత నా మూడు వాదాలను నేనే దేవుని సన్నిధిలో మళ్లీ పరీక్షించుకున్నాను. కాలాలు ఆగవని దేవుడు చెప్పింది నిజమే. కానీ అదే ఆదికాండము 2వ అధ్యాయంలో తోటను సాగు చేసి కాపాడే పని మనిషికి అప్పగించాడు. పొలానికి వాన ఇచ్చేది దేవుడే అయినా గట్టు వేసుకోవలసింది రైతే కదా! 1908లో వరద వచ్చిన మాటా నిజమే. ఆ తరువాత మన పెద్దలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టుకున్నారు. ఇక ఈ భూమి గతించేదే అన్న మాట. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు కూడా ఊడ్చి, కడిగి తాళం ఇస్తాడు. "ఎలాగూ పోయేదే" అని గోడలు పాడుచేసేవాణ్ణి ఏ యజమాని మెచ్చుకుంటాడు?

మరుసటి విందుకు స్టీలు కంచాలు, గ్లాసులు కొందామన్నాను. స్త్రీల సమాజంలో ఒక సహోదరి సూటిగా అడిగింది: "కొనేది మీరు, కడిగేది మేమా?" న్యాయమైన ప్రశ్న. ఎవరి కంచం వారే కడగాలనీ, వంటపాత్రలు సంఘ పెద్దలు తోమాలనీ తీర్మానించాము. మొదటిసారి నేను గుండిగ తోముతుంటే నవ్వినవారున్నారు. ఆ నవ్వు నాకు రావలసిందే. ఇప్పుడు కేకులు కాగితంలో చుట్టి ఇస్తున్నాము. చర్చి కప్పు మీది వాననీరు ఇంకుడు గుంతలోకి మళ్లించాము. దగ్గరివారు బండి తీయక నడిచి ఆరాధనకు వస్తున్నారు.

వీటితో లోకం చల్లబడిపోతుందని నేను చెప్పను. అది పెద్ద దేశాలు, పెద్ద కంపెనీలు కూడా మారితేనే జరిగే పని. మన దేశంలో మనిషికి వచ్చే పొగ లోకపు సగటులో సగం కూడా లేదు. అయినా మన చెత్త మనదే. మా బస్తీ నీళ్లు మూసీలో కలుస్తాయి. ఆ మూసీ నీళ్లతోనే దిగువన ప్రతాపసింగారం వైపు రైతులు వరి, పశువులకు గడ్డి పెంచుతారు. మేము పారవేసింది ఒక సహోదరుని పొలానికి చేరుతుంది.

పల్లెల్లోని ప్రియులారా, ఈ మాట మీకు నేర్పే అర్హత నాకు లేదు. మోదుగ విస్తళ్లు, గుడ్డసంచి, చెంబు మీ ఇళ్ల నుంచే మాకు వచ్చాయి. పట్నం చూసి వాటిని విడిచిపెట్టవద్దని మాత్రం బ్రతిమాలుకుంటున్నాను. అయిదువేల మందికి ఆహారం పెట్టిన ప్రభువు, విందు ముగిశాక మిగిలిన ముక్కలు ఏరించాడు. పన్నెండు గంపలు నిండాయి. మన విందు ముగిశాక ఏమి మిగులుతున్నదో మనమూ చూసుకుందాం.

అవ్వ కుట్టుమిషనును సంఘమే బాగు చేయించింది. క్రిస్మస్ విందుకు ఆమె వస్తుంది. తన కంచం తానే కడుక్కుంటుంది. పక్కన నేనూ కడుక్కుంటాను.

దేవుడు మీ కుటుంబాలను, మీ పొలాలను దీవించును గాక.