రెండో సీటు

మా అమ్మాయి ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతుందని ఖాయమైన దగ్గర్నుంచి మా వారిలో ఒక మార్పు వచ్చింది. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక కారుకి రంగులు మారుస్తుంటారు. ఎరుపు, తెలుపు, బూడిద, మళ్ళీ ఎరుపు.

"ఏమండీ, ఏమిటది?"

"ఏం లేదు, ఊరికే చూస్తున్నా."

పందొమ్మిదేళ్ళ కాపురంలో నాకు అర్థమైన విషయం ఒకటుంది. ఈయన "ఊరికే చూస్తున్నా" అన్న వస్తువు రెండు నెలల్లో మా గరాజ్‌లో ఉంటుంది. బార్బెక్యూ పొయ్యి అలాగే వచ్చింది. టెలిస్కోపూ అలాగే వచ్చింది. ఆ టెలిస్కోపు మీద ఇప్పుడు నేను తువ్వాళ్ళు ఆరేస్తున్నాను.

ఈసారి చూస్తున్నది మాజ్డా మియాటా. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గది గోడ మీద ఈ కారు బొమ్మే ఉండేదట. స్నేహితుడి అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన పత్రికలోంచి కత్తిరించింది. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. 2016లో పది లక్షలో కారు తయారైంది. మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. ఇక్కడికొచ్చాక మొదట పాత కరోలా కొన్నాం, తర్వాత పాప పుట్టింది, తర్వాత ఒడిస్సీ వచ్చింది. గోడ మీది బొమ్మ గోడ మీదే ఉండిపోయింది.

"రెండే సీట్లా?" అన్నాను.

"ఇంక మనం ఇద్దరమే కదా," అన్నారు.

ఆయన మామూలుగానే అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగేసిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. అమ్మాయి ఫీజుకి వేరే దాచాం, అందులో చెయ్యి పెట్టలేదు. ఐదేళ్ళుగా వచ్చిన బోనస్సుల్లోంచి కొంచెం కొంచెం పక్కన పెడుతున్నారట. నాకు చెప్పలేదు. కోపం రావాల్సిందే కానీ, ఐదేళ్ళు ఒక కోరికని అలా దాచుకున్న మనిషిని చూస్తే జాలేసింది. ఒకటే షరతు పెట్టాను: డిక్కీలో బియ్యం బస్తా పట్టాలి. ఆయన కొలతలు చూసి చెప్పారు, నాలుగున్నర ఘనపు అడుగులకి కాస్త పైన. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా నిక్షేపంగా పడుతుంది. కూరగాయల సంచి మాత్రం నా ఒళ్ళోనే.

సరే, కారు కుదిరింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

ఈ 2017 మోడల్ మూడు రకాల్లో దొరికేది. స్పోర్ట్ అన్నిటికన్నా చవక. దాని పైన క్లబ్, ఆ పైన గ్రాండ్ టూరింగ్. మూడిటికీ ఇంజను ఒకటే, రెండు లీటర్లది, 155 హార్స్‌పవర్. కాబట్టి పై రెండిట్లో ఏది వేగంగా పోతుందన్నది ప్రశ్న కాదు. క్లబ్ మాన్యువల్ గేరుతో తీసుకుంటే గట్టి బిల్‌స్టీన్ షాక్ అబ్సార్బర్లు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వస్తాయి. సీట్లు మాత్రం బట్టవి. గ్రాండ్ టూరింగ్‌లో లెదర్ సీట్లు, అవి వెచ్చబడతాయి కూడా. వాన పడితే వైపర్లు వాటంతటవే తిరుగుతాయి. మలుపు తిరిగితే ముందు దీపాలు ఆ వైపుకి తిరుగుతాయి. కానీ ఆ షాకులూ లేవు, ఆ డిఫరెన్షియలూ లేదు. ధరలో తేడా అప్పట్లో పదిహేను వందల డాలర్లు అటూ ఇటూ.

ఆ డిఫరెన్షియల్ ఏమిటని అడిగితే మా వారు అరగంట చెప్పారు. నాకు అర్థమైనంత చెప్తాను. మలుపులో లోపలి వైపు చక్రం మీద బరువు తగ్గి తేలిపోతుంది. మామూలు బండిలో ఇంజను బలం తేలిగ్గా తిరిగే ఆ చక్రానికే పోయి వృథా అవుతుంది. ఇది ఉంటే అలా పోనివ్వకుండా, నేలని పట్టుకున్న చక్రానికి కూడా పంచుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు చేసే పని.

నేను తెలుగు బీఏ చదివినదాన్ని కదా, ఆ కాగితం మీది మాటలకి తెలుగు వెతికాను. లగ్జరీకి 'విలాసం' ఉంది. చిన్నప్పుడు ఉత్తరం కవరు మీద రాసే అడ్రసుని కూడా విలాసమే అనేవాళ్ళం. పర్ఫార్మెన్స్‌కి మాత్రం సరిపోయే మాట దొరకలేదు. 'సత్తా' అనుకున్నాను. విలాసమా, సత్తానా? ఏదో ఒకటి ఆయనే తేల్చుకుంటారులే అని ఊరుకున్నాను.

వారం తర్వాత బల్ల మీద ఒక కాగితం కనబడింది. గ్రాండ్ టూరింగ్, ఆటోమేటిక్ అని గీత గీసి ఉంది.

"ఇదేమిటి? రోజూ ఆ క్లబ్ గురించే కదా చెప్పేవారు?"

"నీ నడుము కోసం," అన్నారు. "క్లబ్ గట్టిగా ఉంటుంది, నువ్వు తట్టుకోలేవు. ఇందులో సీటు వేడెక్కుతుంది, కాపడం పెట్టినట్టు ఉంటుంది. ఆటోమేటిక్ అయితే నువ్వూ నడపచ్చు."

మూడేళ్ళుగా నా నడుము నొప్పి సంగతి ఈ బ్లాగులో చదువుతున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన నా కోసం పాతికేళ్ళ కోరికని సగానికి కోసుకున్నారు. సంతోషపడాలి. నాకు ఒళ్ళు మండింది.

"నన్ను ఒక్క మాట అడిగారా?"

"అడిగితే ఏమంటావో తెలుసు. నాకేదైనా ఒకటే అంటావు."

దానికి నా దగ్గర జవాబు లేదు. హోటల్లో ఏం తింటావంటే మీరేం చెప్తే అదే అంటాను. ఇల్లు కొన్నప్పుడు గోడల రంగు అడిగితే ఏదైనా పర్లేదన్నాను. అలా అంటే నాకు ఏ ఇష్టమూ లేదని కాదు. ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని. ఇన్నేళ్ళు అలా అంటూ అంటూ, నాకు ఏం కావాలో ఇంట్లోవాళ్ళే ఊహించుకునే పరిస్థితి తెచ్చాను. ఊహించినందుకు మళ్ళీ నేనే కోప్పడుతున్నాను.

మర్నాడు మా నాయనకి ఫోన్ చేశాను. మా నాయన మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. వేసవి సెలవుల్లో నన్ను శ్రీశైలం బస్సులో తీసుకెళ్ళేవారు. ఆయన పక్కన ఇంజను మూత మీద, కాలకుండా దుప్పటి మడత పరిచి కూర్చోబెట్టేవారు. దోర్నాల దాటితే ఘాట్ రోడ్డు. గేరు మార్చేముందు ఇంజను గొంతు ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. "ఇప్పుడు మారుస్తావు నాయనా" అని ముందే చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా మార్చేవారు. నా మాట విని మార్చేవారో, మార్చే వేళకే నేను చెప్పేదాన్నో ఇప్పటికీ తెలీదు.

కారు సంగతంతా విని నాయన అడిగారు, "నీ నడుం గుంతలో పడితే నొప్పా, మలుపులో ఊగితే నొప్పా?"

నేనెప్పుడూ ఆలోచించలేదు.

"ఘాట్‌లో జనం డోకులు చేసుకునేది ఊగటం వల్లమ్మా. బండి ఊగకుండా తోలితే వెనక జనం నిద్రపోతారు. వాళ్ళు నిద్రపోతా ఉంటే నేను సరిగ్గా తోల్తన్నట్టు లెక్క. కాగితం చూసి ఏం తెలుస్తది? ఎక్కి కూర్చో."

శనివారం వెళ్ళి ఎక్కి కూర్చున్నాం. షోరూం కుర్రాడు మా వారికి ఇంజను గురించి చెప్పి, నాకు సీటు వేడెక్కే బటను చూపించాడు. అబద్ధం చెప్పను, ఆ సీటు స్వర్గం. మొదట అదే నడిపారు. రైలు పట్టాలు దాటితే మెత్తగా దాటింది. కానీ హైవే ఎక్కే గుండ్రటి దారిలో బండి పక్కకి ఒరిగింది, దానితో పాటు నేనూ ఒరిగాను. ఒరగకుండా ఆపుకోవడానికి నా నడుమే బిగుసుకుంది. సరిగ్గా నొప్పి ఉన్న చోటే.

తర్వాత క్లబ్. పట్టాల మీద దడదడమంది, పళ్ళు కూడా కదిలాయి. అదే గుండ్రటి దారిలో మాత్రం నన్ను సీటులో ఎవరో పట్టుకుని కూర్చోబెట్టినట్టుంది. మా వారు మూడో గేరు నుంచి రెండుకి మార్చబోయే ముందు ఇంజను గొంతు మారింది. "ఇప్పుడు," అన్నాను, నాకు తెలియకుండానే. ఆయన మార్చి నా వైపు వింతగా చూశారు. ఇన్నేళ్ళలో నాకు ఆ సంగతి తెలుసని ఆయనకి తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు.

"ఇదే తీసుకుందాం," అన్నాను.

"నీ నడుము..."

"నడుము నాది. ఇదే. గేరుదే. నాకు నేర్పండి."

ఇంటికొచ్చాక చల్లగా మళ్ళీ లెక్క వేసుకున్నాను, ఆవేశంలో అన్నానేమోనని. సీటుకి కాపడం కావాలంటే సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే పరుపు బయట చవగ్గా దొరుకుతుంది. నడుము దగ్గర చిన్న దిండు మన ఇంట్లోదే చాలు. షాకులూ డిఫరెన్షియలూ తర్వాత మార్పించాలంటే బోలెడు ఖర్చు. ఇల్లు కట్టేటప్పుడు కర్టెన్లు తర్వాత కొనుక్కోవచ్చు అనుకుంటాం కానీ, పునాది తర్వాత చూద్దాం అనుకోం కదా. మలుపులో తిరిగే దీపాలు పోయాయే అన్నది ఒక్కటే నిజంగా బాధ. కొండ దారిలో రాత్రిపూట అవి ఉంటే బాగుండేది. చీకటి పడకముందే దిగిపోదాం అనుకున్నాం.

క్లబ్‌లో బ్రెంబో బ్రేకులు, తేలిక చక్రాలు ఇచ్చే ప్యాకేజీ ఇంకోటి ఉండేది, మూడు వేల డాలర్లకి పైనే. దాని దగ్గర మా వారు కాస్త గింజుకున్నారు. రేసు ట్రాక్ మీద గంటలకొద్దీ తొక్కేవాళ్ళకి ఆ బ్రేకులు పనికొస్తాయట. "మనం ట్రాక్‌కి వెళ్తామా, గుడికి వెళ్తామా?" అన్నాను. మానుకున్నారు.

గుడికే వెళ్ళాం. కేరీలోని వెంకటేశ్వరస్వామి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించాం. ఎర్ర కారు కాబట్టి కుంకుమ బొట్టు కనపడలేదు.

కారు వచ్చిన నెల రోజులూ ఒక చిత్రం జరిగింది. మనుషులం ముగ్గురం, సీట్లు రెండు. సాయంత్రం షికారుకి వెళ్తే ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. ఒకరోజు తండ్రీ కూతుళ్ళు వెళ్ళేవారు. ఇంకోరోజు నేను గేరు నేర్చుకుంటుంటే అమ్మాయి గుమ్మంలో నిలబడి నవ్వేది. నేను క్లచ్ వదలగానే బండి కప్పలా గెంతి ఆగిపోయేది. ఆగస్టులో అమ్మాయిని చాపెల్ హిల్‌లో దింపడానికి మాత్రం ఒడిస్సీయే పనికొచ్చింది. వెళ్ళేటప్పుడు వెనక అంతా సామాన్లే. వచ్చేటప్పుడు అంత పెద్ద బండిలో మేమిద్దరమే. ఎవరం రేడియో పెట్టలేదు.

పోయిన వారం అక్టోబరు ఆకులు చూద్దామని మియాటాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వేకి వెళ్ళాం. టాపు వెనక్కి మడిచేశాం. కొంత దూరం ఆయన నడిపాక పక్కన ఆపి తాళం నా చేతికిచ్చారు. ఆ దారిలో గంటకి 45 మైళ్ళే పరిమితి, అదీ నా అదృష్టం. వీపు వెనక మా సోఫా దిండు, కాలి కింద క్లచ్. మలుపు వచ్చింది, ఇంజను గొంతు మారింది, గేరు మార్చాను. గెంతలేదు.

సాయంత్రం నాయనకి ఫోన్లో గొప్పగా చెప్పాను.

"పక్కన అల్లుడు నిద్రపోయాడా?" అన్నారు.

"లేదు నాయనా. తలుపు పట్టుకుని కూర్చున్నారు."

"పర్లేదులే, ఇంకొంచెం తోలు," అన్నారు నాయన.