ఒకే ఆంగన్‌లో రెండు సితారాలు

అబ్బా పోయాక ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి. ఆంగన్ మాత్రం ఒకటే. నల్లా ఒకటే, మోటారు ఒకటే, కరెంటు మీటరూ ఒకటే. రోజూ పొద్దున్నే భాయీజాన్‌కీ నాకూ ఏదో ఒకదాని మీద తక్రార్. మొన్న ఆయనే అడిగాడు, "ఛోటే, నడుమ గోడ కడదామా? లేకుంటే నువ్వే వేరే ఇల్లు చూసుకుంటవా?" రొట్టె చేస్తున్న అమ్మీ చేతులు ఆగిపోయాయి.

రాత్రి నిద్ర పట్టక డాబా ఎక్కాను. అప్పటికే అక్కడ నా బిడ్డ కూచుని చదువుకుంటోంది. ఈ ఏడు పదో తరగతి. "కింద లొల్లి అబ్బా," అంది, తలెత్తకుండానే.

ఆస్మాన్ సాఫ్‌గా ఉంది. సురయ్యా, అంటే మన కృత్తికలు. దాని వెనకే ఎర్రగా అల్ దబరాన్, మన రోహిణి. 'వెంట వచ్చేవాడు' అని ఆ అరబ్బీ పేరుకు మానీ. చిన్నప్పుడు మా ఇద్దరినీ ఇదే డాబా మీద పడుకోబెట్టి అబ్బా చూపించేవాడు.

అబ్బా చెప్పని కిస్సా ఒకటి నేను తర్వాత చదివాను. అదే దిక్కున, అల్ దబరాన్‌కి చాలా వెనక, దాదాపు 450 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త సితారాలు పుట్టే మబ్బులున్నాయి. పసి సితారా చుట్టూ గ్యాసూ గర్దూ కలిసి పళ్ళెంలా తిరుగుతుంటాయి. తబక్ అనుకోండి. ఆ గర్దే కంకరై, కంకర గుట్టలై, చివరికి గ్రహాలవుతాయి. మన జమీన్ పుట్టిందీ అట్లాంటి తబక్‌లోనే.

సూర్యుడిలాంటి సితారాల్లో దాదాపు సగం ఒంటరివి కావు, తోడుతో తిరుగుతాయి. ఆ తోడు మరీ కరీబ్‌గా ఉంటేనే ముష్కిల్. దాని ఆకర్షణ తబక్ బయటి అంచును కోసేస్తుంది. రెండూ సమాన బరువుతో గుండ్రంగా తిరిగితే, ఒక్కోదానికి మిగిలే తబక్ వాటి మధ్య ఫాసలాలో మూడోవంతు లోపే. మామూలుగా బయటి గ్యాసు మెల్లమెల్లగా లోపలికి జారి, సితారా మింగినదాన్ని భర్తీ చేస్తుంది. బయటి జఖీరా పోయాక తబక్ తొందరగా ఖాళీ అవుతుంది. గ్రహాలు తయారు కావడానికి మోహలత్ చాలదు.

2012లో ఆ మబ్బుల సితారాల లెక్క ఒకటి అచ్చయింది. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 40 రెట్ల లోపు దగ్గరున్న జంటల్లో మూడింట రెండు వంతులు సుమారు 10 లక్షల ఏళ్ళలోనే తబక్ పోగొట్టుకున్నాయి. ఒంటరివీ, దూరం పాటించిన జంటలూ అయితే నూటికి 80, 90 దాకా కనీసం 20, 30 లక్షల ఏళ్ళు నిలుపుకున్నాయి. 2016లో కెప్లర్ టెలిస్కోప్ చూసిన సితారాలను పరీక్షిస్తే, దగ్గరి జంటల దగ్గర గ్రహాలు మిగతావాటితో పోలిస్తే మూడోవంతే తేలాయి.

ఇందులో ఏ సితారాకీ ఖసూర్ లేదు. ఒకదాని మీద ఒకదానికి నఫ్రత్ లేదు. రెండూ తమ తమ బరువుతో తిరుగుతున్నాయి, అంతే. నుఖ్సాన్ మాత్రం వాటికి కాదు, వాటి చుట్టూ పుట్టాల్సినవాటికి.

పుస్తకం మీదికి వంగిన బిడ్డ తలని చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్ళూ నేను భాయీజాన్ గెలుస్తాడా, నేను గెలుస్తానా అనే చూశాను.

అన్ని జంటలూ ఒక్క తీరు కావు. జీజీ టారీ అని అక్కడే ఒక జంట ఉంది. అందులో ఒకటి మళ్ళీ జంటే. అవి దగ్గరగానే తిరుగుతాయి, నడుమ ఖాళీ, ఆ ఖాళీ బయట అన్నిటినీ చుట్టి ఒక పెద్ద వలయం. 2014లో చిలీ దేశపు అటకామా ఎడారిలోని అల్మా టెలిస్కోప్‌తో ఆన్ డ్యూట్రే బృందం చూస్తే, ఆ వలయం నుంచి ఒక గ్యాసు ధార ఖాళీని దాటి లోపలి తబక్‌కి చేరుతోంది. బయటి వలయం లోపలిదాన్ని పోషిస్తోంది.

పొద్దున అమ్మీ పక్కన కూచున్నాను. గోడ వద్దన్నాను. రెండు గల్లీల అవతల కిరాయికి ఇల్లు చూశానన్నాను.

"రిష్తా తెగిపోతదేమో బేటా?"

"తెగదమ్మీ. జుమ్మా జుమ్మాకి అందరం నీ దస్తర్‌ఖాన్ మీదనే తింటం."

వాకిట్లో భాయీజాన్ నా స్కూటర్‌కి అడ్డంగా ఉన్న తన సైకిల్‌ని పక్కకి జరుపుతున్నాడు. "సామాన్‌కి ఆటో నేను మాట్లాడ్త," అన్నాడు, నా మొహం చూడకుండా.