శేషమును విడువరాదు

బుక్కపట్నమున చిత్రావతి నీటితో నిండు పెద్ద చెరువు కలదు. రాయలసీమలో గొలుసు చెరువులనేకము. ఎగువ చెరువు మరవ పారినచో ఆ మిగులు నీరు దిగువ చెరువును చేరును. చుక్కయైనను వృథా పోరాదని పూర్వులు చేసిన ఏర్పాటది. నేటి గడియారమును సరిచూచు పద్ధతిలోను ఈ న్యాయమే కనబడును.

చేతిగడియారములోని స్ఫటికము సెకండుకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను 15 మారులు సగము చేసినచో 1 వచ్చును. అదియే ముల్లును కదుపును. కాని వేడికిని చలికిని స్ఫటికపు నడక కొంచెము మారును. కనుక దానిని నిక్కమైన ఆధారముతో పోల్చవలెను. 1967లో సీజియం పరమాణు వికిరణపు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 కంపనముల కాలమును సెకండుగా నిర్ణయించిరి. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం గడియారములతో మన దేశ కాలమును కాపాడుచున్నది.

ప్రయోగశాలలలో వాడు ఆధార ఆసిలేటరు సాధారణముగా సెకండుకు 1 కోటి కంపనములనిచ్చును. దీనినుండి 32,768 పుట్టించుటెట్లు? భాగించినచో 305 వచ్చి కొంత శేషముండును. ఇదెంతలే అని విడిచినచో గడియారము దినమునకు సుమారు 50 సెకండ్లు ముందు నడచును. నెల తిరుగుసరికి తప్పు దాదాపు 25 నిమిషములు, అనగా ఒక గడియకు పైమాటే!

ఉపాయమొకటి కలదు. రెండు సంఖ్యలను 128తో కుదించినచో 256, 78,125 వచ్చును. 78,125 కొలతలు పట్టు చెరువులు వరుసగా ఉన్నవనుకొనుడు. ఒక్కొక్క కంపనము 256 కొలతల నీరు పోయును. చెరువు నిండగనే ఒక టిక్కు వెలువడును. 305 కంపనములకు ఇంకను 45 కొలతల వెలితి యుండును. 306వది దానిని నింపి, మిగిలిన 211 కొలతలను తరువాతి చెరువునకు పంపును. ఆ చెరువు 305తోనే నిండును. ఇట్లు ప్రతి 256 టిక్కులలో 45 టిక్కులు 306 కంపనములతోను, తక్కినవి 305తోను ఏర్పడును. టిక్కుల నడుమ ఎడము కొంచెము హెచ్చుతగ్గులగును. కాని సెకండు ముగియుసరికి లెక్క సరిగా 32,768 అగును. దానితో పోల్చి స్ఫటికపు తప్పును తెలిసికొందురు.

మన పంచాంగకర్తలును సూర్యచంద్రుల నడకలలో మిగిలిన దినములను విడువక, 19 ఏండ్లలో 7 అధికమాసములుగా పంచిరి. కొంచెమే కదా యని శేషమును విడుచువాని లెక్క తప్పక చెడును. దానిని తరువాతి లెక్కలో చేర్చుకొనువాని లెక్క నిలుచును.