బండి కదలిపోయిన తరువాత

చలనచిత్రమంటే కథయేనని మేము చాలాకాలం నమ్మినాము. మాటలు అర్థం కాని చిత్రం చూడడం వృథా ప్రయాస అని మా అభిప్రాయము. అందుచేతనే ఉర్దూ శాఖ మిత్రులు వసతిగృహంలో ‘గరమ్ హవా’ ప్రదర్శిస్తున్నాము రమ్మన్నప్పుడు, తెలుగు శాఖవారమైన మేము వెనుకాడినాము. మాకు ఉర్దూ అంతంతమాత్రము. మొగమాటానికి వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నాము.

అది ఎం.ఎస్. సత్యూ దర్శకత్వంలో 1973లో రూపొందిన చిత్రము. ఇస్మత్ చుగ్తాయి కథ దానికి ఆధారము. దేశవిభజన అనంతరం ఆగ్రాలో పాదరక్షల కర్మాగారం నడుపుకొనే సలీమ్ మీర్జా కుటుంబగాథ అందులోని ఇతివృత్తము.

ఆరంభంలోనే రైల్వే స్టేషను. అయినవారిని సాగనంపి సలీమ్ మీర్జా నిలుచుంటాడు, బండి కదలిపోతుంది. కొంతసేపటికి మరల అదే స్టేషను, మరొక వీడ్కోలు. దర్శకుడు ఉపన్యసించలేదు, ఒకే దృశ్యాన్ని మరల మరల చూపినాడు, అంతే. ఆ తరువాత బండి కూత వినబడితే చాలు, వెళ్ళేదెవరో తెలియకముందే మా మనస్సు బరువెక్కేది. భాష రాని మాకు ఆ పునరుక్తియే భాష అయినది.

అందులో ఒక ఖవ్వాలీ ఉన్నది. దానిని గానం చేసినవారు మన హైదరాబాదుకు చెందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ అని తరువాత తెలిసి ఆనందించినాము. కాని మమ్మల్ని కదిలించినది పాట కాదు, మౌనము. కూతురు ఆమీనా ప్రాణం తీసుకొన్న ఘట్టంలో తండ్రి పాత్రధారి బలరాజ్ సాహ్నీ గుండెలు బాదుకోడు. కన్నీటికి అలవాటుపడిన మా కన్నులకు ఆ నిశ్శబ్దమే దుర్భరమైనది.

దీపాలు వెలిగినాయి. మా ప్రక్కనున్న ఉర్దూ శాఖ మిత్రుడు లేవలేదు. “మా ముత్తాతగారి తమ్ముడు కూడా ఇట్లాగే వెళ్ళినారు. ఆయన పెట్టె మా ఇంట్లో ఇంకా ఉన్నది. ఎవరూ తెరవరు” అన్నాడు.

మూడేళ్ళుగా ఒకే బల్ల వద్ద భోజనం చేస్తున్నాము. ఆ మాట మేమెన్నడూ అడుగలేదు. అంతేకాదు, ఒకనాడు క్రికెట్ చూస్తూ, “మీవాళ్ళు అటువైపే కదా!” అని మాలో ఒకరము పరిహాసమాడితే, తక్కినవారము నవ్వినాము. అతడు ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని మేము సమ్మతి అనుకొన్నాము. సలీమ్ మీర్జా ముఖం చూసిన తరువాత ఆ మౌనానికి అర్థం తెలిసినది. ఆ రాత్రియే మేము అతనిని క్షమాపణ కోరినాము. “పదండి, చాయ్ తాగుదాం” అన్నాడు.

చిత్రాంతంలో సలీమ్ మీర్జా కూడా స్టేషనుకే బయలుదేరుతాడు. దారిలో ఊరేగింపు ఎదురవుతుంది. మొదట కొడుకు, తరువాత తాను బండి దిగి ఆ జనంలో కలిసిపోతారు. అంతవరకు గదులలోను, గొందులలోను మసలిన కథ అప్పుడు జనప్రవాహంలోకి వస్తుంది. ఆ మార్పును చెప్పడానికి మాటలతో పనిలేదు.

కళాశాల సంఘంవారికి మా విన్నపమొక్కటే. ఏటా ఒక మంచి చిత్రమైనా రెండు శాఖలకూ కలిపి ప్రదర్శింపజేయండి. వరుసలు మాత్రం వేరువేరుగా వేయవద్దు.