ఎడతెగని చెంబు

ఉద్దానమున కొబ్బరితోటల నీడ చల్లనిది. ఆ నీడన నివసించువారి మూత్రపిండములకు పట్టిన వ్యాధిమాత్రము ఏండ్లు గడచినను చల్లారలేదు. పలాసలో 2023 డిసెంబరున 200 పడకల ఆసుపత్రి వెలసినది. ఆ ఊర బడిపంతుళ్లమైన మేము ముగ్గురము సెలవుదినములందు తీరగ్రామములకు పోయి రోగుల చీటీలు చదివిపెట్టుచుందుము. అట్లు పోయిన ఒకనాడు మాకు తెలిసిన రైతొకడు రక్తశుద్ధికి పోవుట మానెనని వింటిమి. కారణ మడుగగా అతని భార్య ఒక సీసాను చూపెను.

ఊరికి వచ్చిన కొత్తవాడొకడు ఇత్తడిచెంబులోని నీరంతయు అందరియెదుట కుమ్మరించి, మంత్రము చదివి, మరల వంచగా మరల నీరు వచ్చెనట. ఎడతెగని ఆ నీరు ఎడతెగని రోగమును మాన్పునని చెప్పి, సీసాల లెక్కన అమ్ముకొని పోయెనట.

మేము గంటసేపు ఉపన్యసించితిమి. వారు వినయముతో వినిరి, సీసామాత్రము పారబోయలేదు. వారు కన్నులతో చూచిరి. మేము నోటితో చెప్పితిమి. కంటితో కలిగిన నమ్మకము కంటితోనే పోవలెను. కేరళీయుడగు ప్రేమానంద్‌గారు (1930–2009) ఊరూర తిరిగి బాబాల మహిమలను స్వయముగా చేసి చూపినది ఇందుకే. మాకును ఆ చెంబు కావలసివచ్చెను.

కాశీబుగ్గలో పాత్రల అంగడివారు మా మాట విని నవ్విరి. టెక్కలిలో గారడీ యాడు వృద్ధు నొకని ఆశ్రయించితిమి. "గుట్టు చెప్పేస్తే మాకు కూడెక్కడిది బాబూ?" అని అతడు మొగము త్రిప్పుకొనెను. అతని మాట న్యాయమే. మేము వచ్చిన పని వివరింపగా కొంతసేపు ఊరకుండి, "మేము ఆటని చెప్పే ఆడతాం. రోగి ముందర చెంబెత్తినవాడు మావాడు కాడు. బుడితి పొండి, కంచరులు చేస్తారు" అనెను.

సారవకోట మండలమందలి బుడితి ఇత్తడి, కంచు పనులకు పేరుపొందిన గ్రామము. అచ్చటి కంచరి మా కోరిక విని, "ఎవరిని మోసం చెయ్యడానికి?" అని మొదట అడిగెను. ఆ ప్రశ్న మాకు నచ్చెను. సమాధానము విన్న పిదప పనికి పూనుకొనెను.

ఆ చెంబునకు గోడలు రెండు. రెంటి నడుమ నీరు దాగియుండును. లోగోడ అడుగున ఒక సన్నని రంధ్రము, అంచుచెంత గాలికై మరియొకటి కలవు. అంచు రంధ్రమును వ్రేలితో మూసినచో గాలి చొరదు, దాగిన నీరు కదలదు. చెంబును నిలిపి వ్రేలు తీసినచో ఆ నీరు లోపలికి చేరును. మహిమ యంతయు ఒక్క వ్రేలిలో నున్నది! మొదటి చెంబు అతుకుకడ కారెను. రెండవది నిలిచెను.

దానిని ఆ యిల్లాలి చేతికే యిచ్చి చేయించితిమి. నాలుగుసారులు కుమ్మరించి ఆమె నవ్వెను. పిమ్మట చెంబు క్రింద బెట్టి, "ఆసుపత్రి బతికిస్తాది బాబూ, రోగం మాత్రం పోదంటాది. ఆడు పోతాదన్నాడు. అందుకే కొన్నాం" అనెను.

మేము తల వంచుకొంటిమి. ఆమె కొన్నది నీరు కాదు, ఆశ. మోసగానికి తెలిసిన ఆ సంగతి చదువుకొన్న మాకు తెలియలేదు. మూఢత్వమని మేము గంటసేపు నిందించినది ఆమె దుఃఖమును.

ఆమె భర్త మరునాడు మాతో ఆసుపత్రికి వచ్చెను. నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి: చెంబు చూపిన ఊర రోగి యింట కూర్చుండి, అతని కష్టము వినక మరలము. టెక్కలి వృద్ధుని ఏటేట మా బడికి పిలిచి, ఆట ఆడించి, సొమ్మిచ్చి పంపుచున్నాము. అతని తక్కిన గుట్టులను మే మడుగలేదు.